సందేహం రాని పిల్ల

పట్టాభికి ఒక పాడు అలవాటుంది. ఎదుటివాడు సందేహం అడగడం పూర్తయ్యేదాకా ఆగలేడు. సగం మాట వినగానే జవాబు నోట్లోంచి దూకేస్తుంది. బళ్ళో లెక్కల మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకి ఇది మహా ఇష్టంగా ఉండేది. "మా మాస్టారికి డౌటు చెప్పక్కర్లేదురా, మొహం చూసి కనిపెట్టేస్తారు" అని చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా పట్టాభి పైకి చిరాకు నటించి లోపల తెగ మురిసిపోయేవాడు. మురిసిపోడూ మరి! పాఠం చెప్పుకునేవాడికి అంతకు మించి ఏం కావాలి?

అలాంటివాడికి కుందన పుట్టింది. నాలుగేళ్ళప్పుడు గోడ గడియారం కేసి చూస్తూ, పెద్ద ముల్లు చిన్న ముల్లుని రోజుకెన్నిసార్లు దాటుతుందని అడిగింది. చీమలకి చెమట పడుతుందా అని అడిగింది. ఏడో ఏట, టీచరు బోర్డు మీద వేసిన భాగహారం తప్పని లేచి చెప్పి, ఆ పుణ్యానికి మధ్యాహ్నందాకా వరండాలో నిలబడింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. తల్లి హైమవతి ఆ సాయంత్రమే తేల్చేసింది.

"ఇంక ఇది బడికెళ్ళదండీ. మీరే ఉద్యోగం మానేసి ఇంట్లో చెప్పండి. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పేరు, మన పిల్లకి చెప్పలేరా?"

హైమవతి ఆ మాట ఊరికే అనలేదు. చిన్నప్పుడు ఎక్కాలు తలకెక్కక, మేనమామ చేతి బెత్తం దెబ్బలు తిన్న మనిషి. అర్థం కానప్పుడు కడుపులో పుట్టే ఆ బెరుకు ఆమె జన్మలో మర్చిపోలేదు. పెద్దయి, మెదడు మీద పరిశోధన చేసి, కాకినాడ శివార్లలో సముద్రపు రోడ్డు మీదున్న ఒక ప్రయోగశాలలో చేరింది. ఆ బెరుకు అసలు ఎక్కడ పుడుతుందో చూడాలని ఏళ్ళ తరబడి అక్కడే తపస్సు చేసింది. చివరికి దొరికింది. మనిషికి ఒక సంగతి అర్థం కాలేదని ఆ మనిషికి తెలియడానికి కాస్త ముందే మెదడుకి తెలిసిపోతుందట. ఆ కాస్త వ్యవధిని పట్టుకునేందుకు హైమవతి ఒక పట్టీ తయారుచేసింది. చూడ్డానికి ఆడపిల్లలు జుట్టు ఎగరకుండా పెట్టుకునే హెయిర్‌బ్యాండు లాగే ఉంటుంది.

ఆ పట్టీ కుందన తల మీదికి వచ్చింది. దాని జోడు, చిన్న గింజంతది, పట్టాభి చెవిలోకి వచ్చింది. ఇక చూడండి ఆ ఇంటి చదువు!

భోజనాల బల్ల దగ్గర తండ్రీ కూతురూ చిక్కుడుకాయలు వలుస్తుంటారు. "సగం, సగంలో సగం, అందులో మళ్ళీ సగం, ఇలా అంతులేకుండా కలుపుకుంటూ పోతే..." అని పట్టాభి మొదలుపెడతాడు. చెవిలో టిక్కుమంటుంది. అంటే పిల్ల బుర్ర 'అంతులేకుండా' అన్న మాట దగ్గర తడబడబోతోందన్నమాట. ఇంకా తడబడలేదు. కనుబొమలు ముడిపడలేదు. ఆ లోపే పట్టాభి దారి మార్చేస్తాడు. "అది సరే, ఒక దోసె ఉంది. సగం నువ్వు తిన్నావు. మిగతా సగంలో సగం తిన్నావు. ఎంతసేపు తిన్నా ఒక్క దోసే కదమ్మా తింటావు, రెండో దోసె తినలేవు కదా?"

"ఊఁ" అంటుంది కుందన. అంతే. పాఠం నేతిలో గారెలా జారిపోతుంది.

బడికైతే గంట కొడతారు, ఇంటికి పంపిస్తారు. ఇంటి చదువుకి గంట కొట్టేవాడెవడు? పళ్ళు తోముకునేటప్పుడు పాఠమే. అన్నం తినేటప్పుడు పాఠమే. బీచికి తీసుకెళ్తే అలల మీద పాఠం. పొద్దున్న పెట్టుకున్న పట్టీ పిల్ల పక్కమీదికి చేరేదాకా దిగేది కాదు. దించాలని ఎవరికీ తోచలేదు కూడా. పిల్ల ఏడవట్లేదు, విసుక్కోవట్లేదు, పుస్తకం విసిరికొట్టట్లేదు. తొమ్మిదో ఏడు వచ్చేసరికి డిగ్రీ రెండో ఏడాది లెక్కల పుస్తకం ముగించింది. బెంగళూరులో ఒక పెద్ద విద్యాసంస్థ వాళ్ళు, పిల్లని ఒక్కసారి కళ్ళారా చూసి పదో ఏటే చేర్చుకుంటామన్నారు. వాళ్ళొచ్చే రోజునే ప్రయోగశాలలో ప్రదర్శన పెట్టి, దాని పెద్ద డాక్టర్ సుభద్ర అధికారుల్ని కూడా పిలిచింది. కుందనని చూపిస్తే ఈ పట్టీలు బళ్ళన్నిటికీ వెళ్తాయి. హైమవతి ఆ నెలంతా నేల మీద నడవలేదనుకోండి.

అదుగో, ఆ నెలలోనే ఎస్తేరు గుప్పిట మూసింది.

ఎస్తేరు కింది వాటాలో ఉండే పిల్ల. ఆరేళ్ళుంటాయి. ఆ సాయంత్రం పట్టీ ఏదో సరిచెయ్యాలని హైమవతి ప్రయోగశాలకి పట్టుకెళ్ళింది. పట్టాభి వంటింట్లో వంకాయలు వేయిస్తున్నాడు. హాల్లో ఎస్తేరు గొంతు వినబడింది.

"కుందనక్కా, నా గుప్పెట్లో ఏవుందో చెప్పుకో చూద్దాం!"

కుందన ఏం చెప్పిందో పట్టాభి వినలేదు. మూకుట్లో నూనె చిటపటలాడుతోంది. కాసేపటికి కింద నుంచి ఎస్తేరు తల్లి కేకేసింది. ఆ పిల్ల గుప్పిట తెరవకుండానే మెట్లు దిగి తుర్రుమంది. ఇంకాసేపటికి వంటింటి గుమ్మంలో కుందన నిలబడి ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నాన్నా, నాకేదో అవుతోంది."

"ఏమైందమ్మా? కడుపునొప్పా? కళ్ళు తిరుగుతున్నాయా? జ్వరమా?" మామూలుగానే పట్టాభి వరసపెట్టేశాడు.

కుందన అన్నిటికీ అడ్డంగా తలూపింది. "లోపల ఏదో ఖాళీ అయిపోయింది. అది మూసుకోవట్లేదు నాన్నా. తీసెయ్యి దాన్ని. తీసెయ్యి!" అంటూనే భళ్ళున వాంతి చేసుకుంది.

పట్టాభి స్టవ్వు కట్టేసి పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. తలకి స్కానింగ్ తీశారు. నెత్తురు తీశారు. హైమవతి ప్రయోగశాల నుంచి పరుగున వచ్చి, రిపోర్టులన్నీ తనే చదువుకుంది. ఎక్కడా ఏ లోపమూ లేదు. పిల్ల మాత్రం మంచం మీద ముడుచుకుని వణుకుతూనే ఉంది. తెల్లారాక డాక్టరు, ఇది మొదలైనప్పుడు పాప ఏం చేస్తోందని అడిగాడు. ఏమీ లేదండీ, పక్క పిల్లతో ఆడుకుంటోంది అన్నాడు పట్టాభి. ఏం ఆటని డాక్టరు అడిగాడు. పట్టాభి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. జీవితంలో అతను మాట మధ్యలో ఆగిపోవడం అదే మొదటిసారేమో.

బట్టలు తెస్తానని చెప్పి తిన్నగా ఇంటికి వెళ్ళాడు. ఎస్తేరు మెట్ల మీద కూర్చుని జామకాయ కొరుకుతోంది.

"ఎస్తేరూ, నిన్న నీ గుప్పెట్లో ఏముందమ్మా?"

"ఎప్పుడంకుల్?"

"నిన్న సాయంత్రం. కుందనక్కని అడిగేవు కదా."

ఆ పిల్ల కళ్ళు పైకెత్తి ఆలోచించింది. "ఏవోనంకుల్, మర్చిపోయేను. చింతపిక్కేమో. కాదు కాదు, గాజుముక్కేమో. అసలు ఏవీ లేదేమో!" అని కిలకిలా నవ్వేసింది.

పట్టాభి ఆసుపత్రికి తిరిగి వెళ్ళి కూతురి పక్కన కూర్చున్నాడు. కూర్చుని, తండ్రులందరూ చేసే పనే చేశాడు.

"అమ్మా, కనుక్కున్నాను. ఎస్తేరు గుప్పెట్లో చింతపిక్క ఉందట."

వణుకు ఆగిపోయింది. చేత్తో తీసేసినట్టు పోయింది. కుందన లేచి కూర్చుని, "ఇడ్లీ తింటాను" అంది. నర్సు ఆశ్చర్యపోయింది. హైమవతి పిల్లని హత్తుకుని ఏడ్చేసింది. పట్టాభికి మాత్రం ఏదో అనుమానం తగిలింది. ఇడ్లీ తెప్పించి, పిల్ల నోట్లో ముక్క పెడుతూ మెల్లిగా అన్నాడు.

"కాదమ్మా, పొరపాటు పడ్డాను. గాజుముక్క."

"ఊఁ" అంది కుందన, నములుతూ.

"గాజుముక్కా కాదు. ఏనుగు."

"ఊఁ."

అంతే. గుప్పెట్లో ఏనుగెలా పడుతుందని అడగలేదు. నవ్వలేదు. తండ్రి వేళాకోళం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూడనైనా చూడలేదు. నాన్న చెప్పాడు, లోపలి ఖాళీ పూడింది, ఇంక ఆ సంగతితో దానికి పనిలేదు. పట్టాభికి చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. చీమల చెమట గురించి అడిగిన పిల్ల ఏమైపోయింది? ఆఖరిసారిగా ఇది 'ఎందుకు' అని ఎప్పుడడిగింది? ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. తను ఇన్నాళ్ళూ మురిసిపోయిన ఆ నిశ్శబ్దం ఏమిటో అప్పుడు తెలిసి, నీరుగారిపోయాడు.

హైమవతి నమ్మలేదు.

"మీరు మాస్టారు, మీకు ప్రతిదీ పాఠంలాగే కనిపిస్తుంది. పిల్లకి ఏదో వైరస్ తగిలింది, తగ్గింది. అంతే."

"వైరస్ చింతపిక్కతో తగ్గుతుందా హైమా?"

"అయితే నా పట్టీ వల్లే వచ్చిందంటారా?" ఆమె మొగుడి కేసి తిరిగింది. "ఏమండీ, అది పెట్టినప్పట్నుంచీ నా కూతురు ఒక్క రోజు... ఒక్కరోజైనా నాలా బిక్కచచ్చి నిలబడలేదు. ఒక్క దెబ్బ తినలేదు. అది తప్పా?"

అందులో తప్పేముందని పట్టాభి కూడా ఇన్నాళ్ళూ అనుకున్నవాడే కదా. అయితే హైమవతి సామాన్యురాలు కాదు. కోపం చల్లారాక, ఊరికే వాదించుకోవడం దేనికి, చూద్దాం అంది. మర్నాడు మధ్యాహ్నం కుందనని ప్రయోగశాలకి తీసుకెళ్ళి, పట్టీ తీసేసి, ఒక చిన్న గదిలో బల్ల ముందు కూర్చోబెట్టింది. బల్ల మీద మూతపెట్టిన స్టీలు డబ్బా పెట్టింది. అందులో కాజాలున్నాయి. కుందనకి కాజాలంటే ప్రాణం.

"ఇందులో నీకోసం ఒకటుందమ్మా" అని చెప్పి బయటికి వచ్చేసింది. తాళం వెయ్యలేదు. ముట్టుకోవద్దని చెప్పలేదు. మూత చిటికెన వేలితో తీస్తే వచ్చేస్తుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ అద్దం ఇవతల నిలబడ్డారు.

కుందన డబ్బాని చూసింది. తర్వాత తలుపు కేసి చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తలుపు కేసే చూస్తూ కూర్చుంది. ఎవరో వచ్చి చెబుతారని కూర్చుంది.

"మూత తియ్యవే తల్లీ" అని హైమవతి అద్దం దగ్గర గొణిగింది. "తియ్యి. నీ ఎదురుగానే ఉంది. తియ్యొచ్చే."

కుందన చెయ్యి చాపలేదు. కాసేపటికి పెదవులు తెల్లబడ్డాయి. భుజాలు అదరడం మొదలైంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. అప్పుడు కూడా తలుపునే చూస్తోంది తప్ప డబ్బా కేసి చూడట్లేదు. హైమవతి ఇంక ఆగలేక లోపలికి పరుగెత్తి డబ్బా లాగి పారేసి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. కాజాలు గదంతా దొర్లాయి. పాపం, ఆ తల్లి బాధ పగవాళ్ళకి కూడా వద్దు. తన చిన్నతనంలోని బెరుకుని బిడ్డ దగ్గరకి రానివ్వకూడదని కంచె కట్టింది. బెరుకు రాకుండా పెరిగిన పిల్ల, అది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఎక్కడ నేర్చుకుంటుంది? దెబ్బలు తింటూనో తిట్లు తింటూనో హైమవతి నేర్చుకుంది. కుందనకి ఆ వీలే లేకుండా చేసేసింది.

డాక్టర్ సుభద్ర చెడ్డ మనిషి కాదు. అంతా విన్నది. వినేటప్పుడు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"హైమా, పట్టీ రోజంతా పెట్టారు, అదీ మీరు చేసిన పొరపాటు. రోజుకో గంట పెడదాం. ప్రదర్శన అయ్యాక అన్నీ సర్దుకుందాం. ఇప్పుడు ఆపేస్తే బెంగళూరు వాళ్ళు మళ్ళీ రారు. పిల్ల భవిష్యత్తు కూడా చూడాలి కదమ్మా."

"పిల్ల కాజా డబ్బా మూత తియ్యలేకపోయింది మేడమ్."

"అది వేరు..."

"కాదు మేడమ్. అదే ఇది." హైమవతి కన్నీళ్ళు తుడుచుకోకుండానే మాట్లాడింది. "ఏ తల్లయినా ఇది కొని బిడ్డ తలకి పెడుతుంది. గంటే పెట్టమంటే ఎవరూ వినరు. నేనే వినలేదు, తయారుచేసినదాన్ని. నా పిల్లని చూపించి దీన్ని అందరి ఇళ్ళలోకీ పంపించలేను. ప్రదర్శన లేదు."

సుభద్ర గట్టిగానే నచ్చజెప్పింది, తర్వాత గట్టిగానే కోప్పడింది. హైమవతి పట్టుకున్న పట్టు విడవలేదు. నెలలోపే ఆమెని వేరే పనికి మార్చేశారు. బెంగళూరు నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పట్టీ పూర్తిగా తీసేసిన రోజున పట్టాభి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నిజం చెప్పాడు.

"ఎస్తేరు గుప్పెట్లో చింతపిక్క లేదమ్మా. ఏనుగూ లేదు. ఏముందో నాకు తెలీదు. ఎస్తేరుకీ గుర్తులేదు. ఇంకెవ్వరికీ ఎప్పటికీ తెలీదు."

"అబద్ధం చెప్పేవా?" అని కుందన అరిచింది. అది ప్రశ్న కాదు. తిట్టు. చేతికందిన గ్లాసు విసిరికొట్టింది. తండ్రి వీపు మీద గుద్దింది, చెయ్యి కొరికింది. "చెప్పు! ఏదో ఒకటి చెప్పు! చింతపిక్కే అని చెప్పు!" అని వెక్కి వెక్కి ఏడ్చి, వాంతి చేసుకుని, అలసిపోయి నిద్రపోయింది. పట్టాభి గాజుపెంకులు ఏరుతూ కూర్చున్నాడు. చెప్పేస్తే ఏం పోయిందిరా భగవంతుడా అని మనసు పీకుతూనే ఉంది.

తర్వాత రోజులు చెప్పుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. డిగ్రీ లెక్కలు చేసిన పిల్ల మూడో క్లాసు లెక్క దగ్గర కూడా ఆగిపోయేది. రాక కాదు. ఎక్కడైనా చిన్న ముడి తగిలితే చాలు, పెన్సిలు కింద పెట్టేసి తండ్రి మొహం కేసి చూస్తూ కూర్చునేది. ఆ చూపు చూస్తే రాయి కూడా జవాబు చెప్పేస్తుంది. పట్టాభి రాయి కూడా కాదు. రెండుసార్లు నోరు జారాడు. మూడోసారి జారబోతుంటే వంటింట్లోంచి హైమవతి వచ్చి గ్లాసుడు మంచినీళ్ళు చేతికిచ్చింది.

"నోట్లో పోసుకోండి. మింగకండి. పిల్ల లెక్క చేసినంతసేపూ అలాగే కూర్చోండి."

"నోట్లో నీళ్ళతోనా!"

"మరి మీ నోటికి ఇంకో మందుందా?"

ఆ రోజు నుంచి అదే పద్ధతి. కుందన లెక్క ముందు కూర్చోగానే పట్టాభి నోరు నింపుకుని బుగ్గలు పూరించి పక్కన కూర్చునేవాడు. పాలవాడు వచ్చి పలకరిస్తే తలూపేవాడు. ఫోను మోగితే చూస్తూ ఊరుకునేవాడు. ఒకసారి తుమ్మొచ్చి పుస్తకమంతా తడిపేశాడు. కుందన నవ్వలేదు కానీ, మూతి చివర ఏదో కదిలింది. కదిలిందని హైమవతి ఒట్టేసి చెప్పింది. నోట్లో నీళ్ళు పెట్టుకుని కూర్చుంటే పట్టాభికి ఒక సంగతి తెలిసొచ్చింది. తను ఇన్నేళ్ళూ పిల్లల సందేహాలు తీర్చింది పిల్లల కోసమే కాదు. ఎదురుగా ఒకరు తెలియక తికమకపడుతుంటే తను భరించలేడు. తన గాభరా తీరాలని వాళ్ళ నోట్లో జవాబు కుక్కేసేవాడు. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక, నీళ్ళతో పాటు లోపలే ఉంచుకున్నాడు.

వేసవి మొదట్లో ఒక ఆదివారం కుందనకి కొత్త పని పెట్టాడు. పుస్తకం లేదు, కాగితం లేదు.

"మన ఇంట్లో వీధి గుమ్మం వదిలెయ్యి. లోపలి గుమ్మాలన్నీ దాటుకుంటూ తిరిగి రావాలి. ఏ గుమ్మమూ రెండుసార్లు దాటకూడదు. ఏ గదినీ గుమ్మాన్నీ వదలకూడదు. ఎక్కడ బయల్దేరేవో అక్కడికే వచ్చెయ్యాలి. కుదురుతుందో లేదో చూడు."

అని చెప్పి నోట్లో నీళ్ళు పోసేసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

కుందన హాల్లోంచి బయల్దేరింది. హాల్లోంచి వంటిల్లు, వంటింట్లోంచి వెనక వసారా, వసారాలోంచి పడకగది, పడకగదిలోంచి హాలు, మళ్ళీ చిన్న గది, చిన్న గదిలోంచి పడకగది. అక్కడ ఆగిపోయింది. అన్ని గుమ్మాలూ అయిపోయాయి, హాల్లోకి రావడానికి దారి లేదు. వచ్చి తండ్రి ముందు నిలబడింది. ఆ చూపు చూసింది. పట్టాభి బుగ్గలు ఉబ్బించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంత మంటెక్కిందో, కాలు నేలకేసి కొట్టింది. కింది వాటా వాళ్ళు పైకి చూసుకుని ఉంటారు.

మళ్ళీ బయల్దేరింది. ఈసారి వసారాలోంచి. ఈసారి హాల్లో చిక్కుకుపోయింది. పడకగదిలోంచి వెళ్ళింది, మళ్ళీ హాల్లోనే చిక్కింది. పెసరట్టు పిండి రుబ్బుకుంటున్న హైమవతి చుట్టూ, బట్టలు ఆరేసుకుంటున్న హైమవతి చుట్టూ ఆ పిల్ల తిరుగుతూనే ఉంది. ఒకసారి ఏడ్చింది. ఏడుస్తూనే తిరిగింది. ఒకసారి వంటింటి గుమ్మంలో చతికిలబడి, మోకాళ్ళలో మొహం దాచుకుని వణికింది. హైమవతి పిండిచేతులతో వెళ్ళి పక్కన కూర్చుంది. ఏమీ చెప్పలేదు. కూర్చుందంతే. వణుకు వచ్చింది, ఉంది, పోయింది. ఎవరూ ఏమీ చెప్పకుండా పోవడం అదే మొదటిసారి. కుందన లేచి తన చేతులు తనే తిప్పి చూసుకుంది.

మధ్యాహ్నం అన్నాల వేళకి హాలు మధ్యలో నిలబడి వేళ్ళు మడుస్తోంది.

"రాలేం నాన్నా" అంది మెల్లిగా. "హాలుకి గుమ్మాలు మూడు. ఒక దాంట్లోంచి వెళ్తే ఇంకో దాంట్లోంచి రావాలి. వెళ్ళడానికొకటి, రావడానికొకటి. జంటలుండాలి. మూడోదానికి జత లేదు. పడకగదికీ మూడే. అందుకే రాలేం. ఎవ్వరూ రాలేరు."

పట్టాభి నీళ్ళు గుటుక్కున మింగేసి, పొలమారి, దగ్గుతూనే లేచి కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. హైమవతి కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. కుందన మాత్రం సంతోషించలేదు. కిందికి దిగి, తండ్రికి ఎదురుగా నిలబడింది. నుదురు ముడిపడి ఉంది. ఆ నుదుటి మీద ముడత ఆ తల్లిదండ్రులు చూసి ఎన్నాళ్ళయిందో.

"నాన్నా, ఇది నువ్వు నాకు ముందే చెప్పేవు. చుక్కలూ గీతలూ వేసి చెప్పేవు. నిరూపణంతా నేను ఒప్పజెప్పేను కూడా. ఇదీ అదీ ఒకటే."

"అవునమ్మా. ఒకటే."

"అంటే అప్పుడు నాకు రాలేదు. వచ్చిందనుకున్నాను." ఆగింది. "నాన్నా, నాకు నిజంగా తెలివుందా? లేకపోతే అదంతా పట్టీదేనా?"

పట్టాభి ఎన్ని నెలలుగా ఎదురుచూశాడో ఆ పిల్ల నోటి వెంట ఒక్క ప్రశ్న కోసం. చీమల గురించి అడుగుతుందనుకున్నాడు, గడియారం గురించి అడుగుతుందనుకున్నాడు. ఇలాంటిది అడుగుతుందని కల్లో కూడా అనుకోలేదు. నీకు తెలివి లేకపోవడమేమిటే బంగారం అని మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. అది నిజమో కాదో అతనికి తెలియదు. నాలుగేళ్ళప్పుడు అంత పదునుగా ఉన్న పిల్ల, పట్టీ లేకపోతే ఇంకా ఎంత ఎదిగి ఉండేదో, లేక బడిలో అందరిలా మామూలుగా అయిపోయి ఉండేదో, ఆ పదును ఇంకా ఉందో, తామిద్దరూ కలిసి అరగదీసేశారో, ఏ స్కానింగూ చెప్పదు. భార్య కేసి చూశాడు. హైమవతి కళ్ళు దించుకుంది. ఆమెకీ తెలియదు.

"తెలీదమ్మా" అన్నాడు.

కుందన తండ్రి మొహంలోకి చూస్తూ నిలబడింది. రంగు పోయింది. ఊపిరి వేగంగా ఆడుతోంది. రెండు చేతులూ గౌను అంచుని పట్టుకుని మెలిపెడుతున్నాయి. పట్టాభి చూడలేకపోయాడు. నీళ్ళ గ్లాసు ఎక్కడో దూరంగా ఉంది.

"కానీ బంగారం, నాకేమనిపిస్తుందంటే..."

కుందన మునివేళ్ళ మీద లేచి, అరచెయ్యి తండ్రి నోటికి అడ్డంగా పెట్టి గట్టిగా నొక్కింది. చెయ్యి వణుకుతోంది. చెమటకి తడిగా ఉంది. అయినా తియ్యలేదు.

"చెప్పకు" అంది.